మొదటి నాణెం ఎవరికి?

ఉదయం తొమ్మిదింపావుకి ఒక సెలూన్‌లో బార్బర్‌ని రెండు తూటాలతో పడగొట్టారు. తుపాకీకి సైలెన్సర్ ఉంది. కుర్చీలో కూర్చున్న కస్టమర్ మొహం నిండా సబ్బు నురగ, కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు. "ఏమయ్యా, ఆపేశావేం?" అని రెండుసార్లు అడిగాడట పాపం. కాల్చినవాడు అద్దం ముందు తాపీగా తల దువ్వుకుని మరీ వెళ్లాడు.

పదకొండు గంటలకి డిపార్ట్‌మెంట్ మూడో అంతస్తు నుంచి ముంగిసకి పిలుపు వచ్చింది.

ముంగిస అన్నది సర్వీసులో అతని పేరు. వయసు నలభై తొమ్మిది. ఒకప్పుడు శత్రువుల చేతికి చిక్కి పదకొండు రోజులు, రెండు కాలిగోళ్లు పోగొట్టుకుని కూడా ఒక్క పేరు బయటపెట్టని మనిషి. అలాంటివాడితో డిపార్ట్‌మెంట్ ఆరు వారాలుగా ఏం చేయిస్తోందయ్యా అంటే, బీమా ఏజెంటు వేషం వేయించి ఒక ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్‌లో ప్రోగ్రామింగ్ నేర్పిస్తోంది. కాలం మారిందట. గూఢచారికి తుపాకీ కన్నా కోడింగ్ ముఖ్యమట. కొడుకు ఈడు కుర్రకారు పక్కన కూర్చుని, బ్రాకెట్ మూయడం మర్చిపోయి మేడమ్ చేత చీవాట్లు తింటున్నాడు మన వీరుడు.

చీఫ్ పెన్సిల్ చెక్కుతున్నాడు. ముంగిసని కూర్చోమనలేదు.

"ఆరు నెలల్లో ముగ్గురు పోయారు. ముగ్గురూ మన ఇన్ఫార్మర్లే."

"తెలుసు సార్."

"వాళ్లని నడిపిన ముగ్గురు ఏజెంట్లకీ కామన్ పాయింట్ ఒకటుంది. తెలుసా?"

"తెలీదు సార్."

"నీ ఇన్‌స్టిట్యూట్. ముందు బ్యాచ్‌లలో ముగ్గురూ అదే కోర్సు చేశారు."

ముంగిస కనుబొమలు ముడిపడ్డాయి. ఆ కోర్సులో అనుమానించడానికి ఏముంది? సొంతంగా ఒక చిన్న బ్లాక్‌చెయిన్ కట్టాలి, దాని మీద నడిచే ఉత్తుత్తి నాణేలు పుట్టించాలి, ఆ పనిలో పడి భాష నేర్చుకోవాలి. క్లాసంతా కలిసి ఒకటే గొలుసు. ఎవరు ఎవరికి నాణెం పంపినా అది ఒక బ్లాక్‌లోకి ఎక్కుతుంది. ప్రతి బ్లాక్ మీదా దాని ముందు బ్లాక్ ముద్ర ఉంటుంది. ఆ ముద్రనే హాష్ అంటారు. మధ్యలో ఒక్క అక్షరం మార్చినా ఆ తరవాతి ముద్రలన్నీ తప్పిపోయి దొంగతనం బయటపడుతుంది. పిల్లలాట లాంటి వ్యవహారం.

"రెండో వారం పాఠం గుర్తుందా?" అన్నాడు చీఫ్. "మీ నాణేలు పుట్టాయి, మొదటి నాణెం ఎవరికి పంపుతారు, మనసుకి ముందు తట్టిన పేరు రాయండి అన్నారు. అన్నారా, లేదా?"

ముంగిసకి తను టైపు చేసిన పేరు గుర్తొచ్చింది.

"అన్నారు సార్."

"చచ్చిన ముగ్గురికీ మన ఏజెంట్లు పంపిన మొదటి నాణెం ముట్టింది. బ్యాచ్ పూర్తయిన రోజు విదేశీ ముఠా మనిషి ఎగ్జామినర్ వేషంలో వస్తాడు. ఆడిటర్ అంటారు వాణ్ణి. గొలుసు కాపీ చేసుకుని పోతాడు. నీ బ్యాచ్‌కి ఈ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకి వస్తున్నాడు." చీఫ్ పెన్సిల్ ముల్లు ఊదాడు. "ఆరో నంబరు బ్లాక్‌లో ఏం రాశావు?"

కాలిగోళ్లు పీకినా విప్పని నోరది. మేడమ్ నవ్వుతూ అడిగేసరికి చెయ్యి దానంతటదే టైపు చేసేసింది.

"స్టెప్నీ బావకి... అని రాశాను సార్."

స్టెప్నీ ఒక విదేశీ వాణిజ్య కార్యాలయంలో డ్రైవరు. ఆ కార్యాలయమే ముఠా అడ్డా. స్టెప్నీ ఆరేళ్లుగా డిపార్ట్‌మెంట్‌కి ఇన్ఫార్మర్. అన్నింటికన్నా ముందు అతను ముంగిస సొంత అక్క మొగుడు. కార్యాలయంలో కూడా అతన్ని ఆ ముద్దుపేరుతోనే పిలుస్తారు. బీమా ఏజెంటు ఎవరో తెలిసినవాడికి ఆ రెండు మాటలూ చాలు, ఇంటి అడ్రసు అక్కర్లేదు.

"బావని తప్పిద్దాం సార్. ఈ పూటే."

"వీల్లేదు. డ్రైవరు మాయమైతే ఆ ఆఫీసులో మిగతా మనవాళ్లు దొరికిపోతారు. అతనికి చెప్పకూడదు కూడా. చెబితే స్టీరింగ్ మీద చేతులు వణుకుతాయి." చీఫ్ ఒక అల్యూమినియం లంచ్‌బాక్సు ముందుకి తోశాడు. "ఇందులో ముప్ఫై కంప్యూటర్ల సత్తువుంది. గొలుసులో ఆ పేరు మార్చు. సెమీకోలన్ నీకు సాయం చేస్తుంది."

"మా క్లాసు సెమీకోలన్ మేడమా? ఆ ప్రశ్న అడిగిన ఆవిడ ముఠా మనిషి కాదా?"

"మన మనిషి కూడా."

"మరి ఆ పేరు తీసేసి ఏం పెట్టాలి? ఖాళీగా వదిలితే అనుమానిస్తారు."

"ఏదో ఒక పేరు. ఫోన్ బుక్ తెరిచి కళ్లు మూసుకుని వేలు పెట్టు."

అంటే ఎవడో దారినపోయేవాడు చావాలన్నమాట. ముంగిస లంచ్‌బాక్సు అందుకున్నాడు. ఇరవై నాలుగేళ్ల సర్వీసు అతనికి నేర్పిన మొదటి విద్య ఎదురు చెప్పకపోవడం.

గురువారం పదిన్నరకి ఇన్‌స్టిట్యూట్ వంటగదిలో కాఫీ మెషీన్ దగ్గర ఆవిడ ఒంటరిగా దొరికింది. మెడ దాకా కత్తిరించిన జుట్టు, ఎర్రటి లిప్‌స్టిక్, ఖరీదైన సెంటు. ఆవిడ క్లాసులోకి వస్తే మగపిల్లల టైపింగ్ స్పీడు సగానికి పడిపోయేది. ఏ మాటైనా సగంలో ఆగి, ఊపిరి పీల్చుకుని, మిగతా సగం చెబుతుంది. సెమీకోలన్ అన్న పేరు పెట్టింది కూడా ఆ మగపిల్లలే.

"నా ప్రోగ్రామ్ ఆగట్లేదు మేడమ్," అన్నాడు ముంగిస. అది కోడ్‌వర్డ్.

"ఎప్పుడు ఆగాలో దానికి చెప్పారా?"

"అనుమతి కోసం ఎదురుచూస్తున్నా."

ఆవిడ కప్పు కింద పెట్టింది. "కోడ్ చూపించండి."

ముంగిస ల్యాప్‌టాప్ తెరిచాడు. రాత్రీపగలూ కూర్చుని అరవై నాలుగు లైన్లు రాశాడు. ఆవిడ పైనుంచి కిందికి చదివి పెదవి విరిచింది.

"ఆరో బ్లాక్ మార్చారు, బాగానే ఉంది... ఏడో బ్లాక్‌లో మాత్రం పాత ముద్రే ఉంచేశారు. అక్కడికక్కడే దొరికిపోతారు. లూప్ ఆరు నుంచి చివరిదాకా తిరగాలి, నాలుగు సున్నాలతో మొదలయ్యే ముద్ర దొరికేదాకా ప్రతి బ్లాక్‌నీ మళ్లీ తవ్వాలి, మైనింగ్ చెయ్యాలి."

"అన్నీనా? నూట యాభై దాకా ఉన్నాయి."

"అన్నీ. మీరు తవ్వుతుంటే ఈ పక్కన ల్యాబు కూడా కొత్త బ్లాకులు తవ్వుతూనే ఉంటుంది. రెండు గొలుసులు ఎదురైతే పొడవైనదాన్నే మెషీన్లు నమ్ముతాయి... నిజమా అబద్ధమా వాటికి అక్కర్లేదు. పన్నెండు లోపల మీది ఒక్క బ్లాక్ ఎక్కువుండాలి."

"సంతకం?"

"మీ నాణేన్ని మీరే పంపారు కదా, సంతకమూ మీదే. మిగతావాళ్లవి ముట్టుకోకండి."

ఎర్రటి గోళ్లతో టకటకా మూడు లైన్లు సరిచేసింది. ముంగిసకి ఆవిడ మీద కోపం రావాలి, కానీ ముందు సిగ్గేసింది. ఆ మూడు లైన్ల కోసం అతను ఆరు గంటలు కొట్టుకున్నాడు.

"బ్యాచ్‌లో పన్నెండు మందిమి ఉన్నాం. ఏజెంటు నేనేనని ఎలా కనిపెట్టారు?"

"కామెంట్లు. ఏ లైను ఏం చేస్తుందో పక్కన ఒక ముక్క రాసుకోమని మొత్తుకుంటాను. బయటివాళ్లు రాస్తారు. మీ డిపార్ట్‌మెంట్ వాళ్లు చచ్చినా రాయరు... కాగితం మీద ఏదీ పెట్టకూడదని అలవాటు చేశారుగా. కామెంటు లేని ప్రోగ్రామ్ చూస్తే చాలు, అతని మొదటి నాణెం ఎవరికెళ్లిందో చూసుకుంటాను."

"ఆ ప్రశ్న ఎవరి ఆలోచన?"

"నాదే." ఆవిడ తల పక్కకి తిప్పుకుంది. "కొట్టి అడిగితే చెప్పరు. ముద్దుగా అడిగితే మనసులో ఉన్నవాళ్ల పేరే వస్తుంది. మొదటి బ్యాచ్ అయ్యాక, అందులో పేరు దొరికిన ముసలాయన్ని చంపారు. ఆ రోజే మీ చీఫ్ దగ్గరికి వెళ్లి అంతా కక్కేశాను."

ముంగిసకి ఒక్క క్షణం ఆ మాట బుర్రకెక్కలేదు.

"మొదటి బ్యాచ్ అవగానేనా?"

"అవును. రెండో పేరు ముందే చెప్పాను. బార్బర్ పేరు ఇరవై రోజుల ముందే ఆయన టేబుల్ మీదుంది."

"మరి ఆపలేదేం?"

"ఆపితే నా మీద అనుమానం వస్తుంది, నేను పోతే ఆడిటర్ మీద నిఘా పోతుంది. బార్బర్ కన్నా నేను ఖరీదు, నాకన్నా ఆడిటర్ ఖరీదు. మీ బావ వెనక సీటు మాటలన్నీ వింటాడు కాబట్టి ఆయన ధర కొంచెం ఎక్కువ పలికింది. అంతే."

ఒళ్లు మండిపోయింది ముంగిసకి. మొన్న బార్బర్‌ని నడిపిన ఏజెంటు కారిడార్‌లో గోడకి తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. చీఫ్ అటుగా వెళుతూ అతని భుజం తట్టి, ధైర్యంగా ఉండమని చెప్పి వెళ్లాడు. ఛీ! ఆ చేత్తోనేనా ఆ పేరున్న కాగితాన్ని సొరుగులో పెట్టింది?

"ఆడిటర్‌కి వాళ్లలో వాళ్లు పిలుచుకునే పేరేదైనా ఉందా?" అన్నాడు గొంతు తగ్గించి.

సెమీకోలన్ మేడమ్ అతని వంక చూసింది. ఆవిడ తెలివితక్కువది కాదు.

"వడ్రంగి. వాళ్ల హెడ్డాఫీసుకీ నాకూ తప్ప తెలీదు. అది గొలుసులోకెక్కితే... శుక్రవారం ఒంటిగంటకల్లా నేను ఈ దేశంలో ఉండకూడదు."

"వద్దంటే చెప్పండి. ఫోన్ బుక్ ఉంది."

"రాయండి," అంది. ఈసారి మధ్యలో ఆగలేదు.

శుక్రవారం తొమ్మిదింటికి ముంగిస చివరి వరసలో కూర్చుని, లంచ్‌బాక్సుని బల్ల కింద వైరుతో తగిలించాడు. ఆరో బ్లాక్ తెరిచాడు. 'స్టెప్నీ బావకి' చెరిపి 'వడ్రంగికి' అని కొట్టాడు. సంతకం పెట్టి ఎంటర్ నొక్కాడు. లూప్ మొదలైంది. ఆరు. ఏడు. ఎనిమిది. అసలు గొలుసు నూట తొంభై దగ్గరుంది. తన ప్రోగ్రామ్ తన కళ్లముందు పరిగెత్తుతుంటే, ఈ దిక్కుమాలిన పరిస్థితిలో కూడా, అతనికి ఒక వెధవ సంతోషం కలిగింది.

పదకొండున్నరకి ఆడిటర్ వచ్చాడు. బట్టతల, ఇస్త్రీ నలగని కోటు, చేతిలో బ్రీఫ్‌కేసు. అందరికీ పేరుపేరునా గుడ్‌మార్నింగ్ చెప్పాడు. ముంగిస దగ్గర ఆగి, "ఈ వయసులో నేర్చుకుంటున్నారు, మెచ్చుకోవాలి," అన్నాడు.

"బీమా వ్యాపారంలో ఇప్పుడన్నీ కంప్యూటర్లే కదండీ."

"జాగ్రత్త పడేవాళ్లంటే నాకు గౌరవం," అని ముందు బెంచీలో కూర్చున్నాడు. తన ల్యాప్‌టాప్ తెరిచి, కేబుల్ తగిలించి, పన్నెండు కావడానికి చూస్తూ కూర్చున్నాడు. ఆ మెషీన్ నెట్‌వర్క్‌లో చేరిన మరుక్షణం పొడవైన గొలుసుని లాక్కుంటుంది. అదే క్షణాన ఒక కాపీ దానంతటదే సముద్రం అవతలి హెడ్డాఫీసుకి పోతుంది. మనిషి ప్రమేయం ఉండకూడదని ఆ ఏర్పాటు ఆడిటరే చేశాడు.

పదకొండు నలభైకి బల్ల కింద లంచ్‌బాక్సు గుర్రుమని, కాలిన వైరు వాసన కొట్టి, ఫ్యాను ఆగిపోయింది. పరుగు నడకైంది. ముంగిస గొలుసు రెండు వందల అరవై తొమ్మిది. ల్యాబు గొలుసు రెండు వందల డెబ్భై ఆరు. చెప్పు విప్పి కాలితో మూత పక్కకి తోశాడు. బొటనవేలు చుర్రుమంది. నోట్‌బుక్ కింద పడేసి, వంగి, దాంతోనే విసరడం మొదలుపెట్టాడు. పొయ్యి దగ్గర కూర్చున్నట్టుంది వ్యవహారం.

పదకొండు యాభైకి రెండు వందల డెబ్భై రెండు. ల్యాబు రెండు వందల ఎనభై. తేడా పెరుగుతోంది. బావ ఈ టైముకి కారు తుడుస్తూ ఉంటాడు. అక్క వంట చేస్తూ ఉంటుంది. ముంగిస తలెత్తి మేడమ్ వంక చూశాడు. ఏజెంటుగా అలా చూడకూడదు. అయినా చూశాడు.

సెమీకోలన్ మేడమ్ చప్పట్లు కొట్టింది.

"అందరూ చేతులెత్తండి! మైనింగ్ ఆపండి. సార్ ముందు నా పరువు తీస్తారా? ఒక్కరి ప్రోగ్రామ్‌లోనైనా కామెంట్లు సరిగ్గా ఉన్నాయా? పన్నెండు వరకూ కామెంట్లు రాయండి... ఒక్క మెషీన్ తిరిగినట్టు కనబడిందా, మార్కులు కట్."

గొణుక్కుంటూ పదకొండు మందీ మైనింగ్ ఆపారు. ల్యాబు గొలుసు రెండు వందల ఎనభై దగ్గర నిలబడిపోయింది.

"ఇప్పుడెందుకండీ ఇదంతా?" అన్నాడు ఆడిటర్ మెల్లగా.

"మీరు వెళ్లిపోతారు సార్, వీళ్ల చేతిరాత నా మెడకి చుట్టుకుంటుంది."

ఆడిటర్ నవ్వాడు. కళ్లు మాత్రం నవ్వలేదు.

విసరగా విసరగా లంచ్‌బాక్సు కాస్త చల్లబడి మళ్లీ పుంజుకుంది. రెండు వందల డెబ్భై ఎనిమిది. డెబ్భై తొమ్మిది. గోడ గడియారం పన్నెండుకి నిమిషం తక్కువ. ఎనభై. సమానం. సమానమైతే చాలదు, ముందునుంచీ ఉన్న గొలుసుకే విలువ. ఆడిటర్ వేలు కీ మీద పెట్టాడు. ముంగిస నోట్‌బుక్ విసరడం ఆపేశాడు. లెక్క తిరుగుతోంది, నాలుగు సున్నాల ముద్ర దొరకడంలేదు, దొరకడంలేదు.

దొరికింది. రెండు వందల ఎనభై ఒకటి. గదిలో పన్నెండు స్క్రీన్లూ ఒక్కసారి రెప్పవేసినట్టు మెరిసి కొత్త గొలుసుని ఒప్పుకున్నాయి.

ఆడిటర్ ఎంటర్ నొక్కాడు.

తరవాత పెన్ను తీసి, మొదటి నాణేల జాబితా మీద నడిపించుకుంటూ పోయాడు. ఒకరు అమ్మకి పంపారు. ఒకరు స్నేహితురాలికి. ఒకడు తన కుక్కకి. బీమా ఏజెంటు దగ్గర పెన్ను ఆగింది. చాలాసేపు ఆగింది. మెడ వెనక ఎర్రబడింది, తరవాత తెల్లబడింది. చటుక్కున కేబుల్ పీకాడు. ఏం లాభం? కాపీ ఎప్పుడో సముద్రం దాటింది, హెడ్డాఫీసు లెక్కలో ఇక డిపార్ట్‌మెంట్ ఇన్ఫార్మర్ అతనే. ఏ అక్షరమూ ఎవడూ చెరపలేని ఏర్పాటు అది.

వెనక్కి తిరిగి ముంగిస వంక చూశాడు. అందులో కోపం లేదు. ప్రాణభయం ఉంది. ముంగిస తల దించుకున్నాడు.

సెమీకోలన్ మేడమ్ హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని, "ఐదు నిమిషాల్లో వస్తాను," అని బయటికి నడిచింది. రాలేదు.

సోమవారం పొద్దున్న ఒక సూపర్‌బజార్ పార్కింగ్‌లో ఆడిటర్ తన కారులోనే దొరికాడు. రెండు తూటాలు. చీఫ్ గది తలుపు వేసి మరీ అరిచాడు.

"రెండేళ్ల ఆపరేషన్! రెండేళ్లుగా వాడి వెనక తిరుగుతున్నాం! వాడి పేరు నీకు ఎవడు చెప్పాడు? ఎవడు రాయమన్నాడు?"

"ఫోన్ బుక్‌లో వేలు పెట్టమన్నారు కదా సార్," అన్నాడు ముంగిస. "పెట్టాను."

"బయటికి పో."

అదే మధ్యాహ్నం ఆర్డరు ధిక్కరించి అక్క ఇంటికి వెళ్లాడు. ఇంటి పక్క షెడ్డులో బావ కారు బానెట్ ఎత్తి ఆయిలు చూస్తున్నాడు.

"ఏరా, దారి తప్పావా?" అన్నాడు నవ్వుతూ.

ముంగిస అంతా చెప్పాడు. కోర్సు, మొదటి నాణెం, ఆరో బ్లాక్, ఆడిటర్. ఈ వారంలోనే ఉద్యోగం మానెయ్యమన్నాడు. చీఫ్ సంగతి తను చూసుకుంటానన్నాడు. బావ వింటూ పాత గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. తుడుచుకున్న వేలే మళ్లీ తుడుచుకున్నాడు.

"లోకంలో ఇంతమంది ఉన్నారు. నీకు నా పేరే దొరికిందా?"

"మనసుకి ముందు తట్టిన పేరు రాయమన్నారు బావా. నీ పేరే తట్టింది. ఇంకెవరున్నారు నాకు?"

"అంటే ప్రేమన్నమాట." బావ గుడ్డ విసిరికొట్టాడు. "ఆరేళ్లు వాళ్ల కారు నడిపాను. నీ మాట మీద. మీ అక్కకి ఒక్క ముక్క చెప్పలేదు. ఏ రోజైనా ఇంటికి వస్తానో రానో అనుకుంటూ తాళం తిప్పేవాణ్ణి. పట్టుకుంటే వాళ్లు పట్టుకుంటారనుకున్నాను గానీ, నువ్వు పట్టిస్తావని అనుకోలేదురా."

"తప్పయిపోయింది బావా."

"ఒక పని చెయ్యి. ఇకమీదట మేం నీకు గుర్తురాకూడదు. నేనూ, అదీ, పిల్లలూ. ఎవరు అడిగినా, ఎంత ముద్దుగా అడిగినా సరే. చేతనవుతుందా?"

వంటింటి కిటికీలోంచి అక్క తొంగిచూసింది. "తమ్ముడూ! వాకిట్లోనే నిలబడ్డావేంట్రా? లోపలికి రా, అన్నం తిందువుగాని."

ముంగిస నోరు తెరిచాడు.

"తినడట," అన్నాడు బావ బానెట్ దించుతూ. "వెళ్లే తొందరలో ఉన్నాడు."

మర్నాడు ముంగిస బల్ల మీద ఒక కవరుంది. కోర్సులో అతనికి ఫస్ట్ క్లాసు వచ్చిందట, డిపార్ట్‌మెంట్ అడ్వాన్స్‌డ్ కోర్సుకి పంపుతోందట. దరఖాస్తు నింపాలి. పేరు, వయసు, వృత్తి రాశాడు. చివరి గడిలో, ఆపద సమయంలో ఎవరికి తెలియజేయాలి, మీకు అత్యంత ఆప్తుడైన ఒక వ్యక్తి పేరు రాయండి అని ఉంది.

ముంగిస పెన్ను సర్దుకుని, గుండ్రటి అక్షరాలతో, ఇంటి అడ్రసుతో సహా, చీఫ్ పేరు రాశాడు.